కచేరీ టేపులో శ్రోత

కచేరీ రికార్డు వినేటప్పుడు మనం గాయకుణ్ణి ఒక్కణ్ణే వింటున్నామనుకుంటాం. వయొలిన్, మృదంగం వాయించినవారి పేర్లు అట్ట మీద ఉంటే వాళ్ళనూ వింటాం. హాల్లో కూర్చున్న నాలుగైదు వందల మంది ఊసు ఏ అట్ట మీదా ఉండదు. దగ్గులు, కుర్చీల కిర్రు, ఎత్తుగడ అందగానే ముందు వరసలోంచి వచ్చే ‘భేష్’, తని ఆవర్తనం మొదలు కాగానే కాఫీకి లేచిపోయేవాళ్ళ అడుగుల చప్పుడు, ఇవన్నీ రికార్డులో దోషాలుగానే చెల్లుబాటవుతున్నాయి. వాటిని దోషాలుగా మాత్రమే లెక్కవేసే విమర్శ సగం విమర్శ అని నా అభిప్రాయం.

మన సాహిత్య పత్రికల్లో సంగీత విమర్శకు దొరికే చోటు స్వల్పం. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, కొడవటిగంటి కుటుంబరావు, బాలాంత్రపు రజనీకాంతరావు వంటి కొద్దిమందిని మినహాయిస్తే, గొంతు గురించి నాలుగు విశేషణాలు, గురుపరంపర గురించి ఒక పేరా, చివర ఒక నమస్కారం - ఇదీ వరస. రచయితలకు, సాహిత్య విద్యార్థులకు ఇందులో ఏం పని అని అడిగేవారున్నారు. పని ఉంది. మన భాషలో వెలువడిన అతి పెద్ద గేయరాశిని ఈనాటికీ జనం పుస్తకంలో చదవటం లేదు, కచేరీలో వింటున్నారు. ఆ కచేరీ ఇప్పుడు ఎక్కువగా రికార్డు రూపంలోనే మనకు అందుతున్నది.

మంగళంపల్లి బాలమురళీకృష్ణ కచేరీ రికార్డులను ఆధారం చేసుకుని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను. 1930 జులై 6న ఆయన పుట్టిన శంకరగుప్తం పూర్వపు రాజోలు తాలూకాలోది. నేను బడిపంతులుగా ఉన్న అంతర్వేదికి పొరుగే. మా వైపువాడన్న అభిమానం ఒప్పుకుంటాను గాని, దాని మీద విమర్శ నిలబడదు. ఆయన్ను ఎన్నుకోవడానికి కారణం వేరు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు దగ్గర నేర్చి (ఆ పరంపర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, మానాంబుచావడి వేంకటసుబ్బయ్యల మీదుగా త్యాగయ్యను చేరుతుంది), ఎనిమిదేళ్ళకే నిండు కచేరీ చేసి, 2016 నవంబరు 22న మద్రాసులో కన్నుమూసేదాకా ఆయన స్టూడియోలోనూ సభలోనూ రేడియోలోనూ సినిమాలోనూ పాడారు. ఒకే గొంతు ఈ నాలుగు చోట్లా ఎలా మారుతుందో పోల్చి చూసే వీలు ఆయన దగ్గర ఉన్నంతగా మరొక తెలుగు గాయకుని దగ్గర లేదు.

ముందు స్టూడియో సంగతి. 78 వేగపు గ్రామఫోను ప్లేటు ఒక వైపుకు పట్టేది మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర. ద్వారం వెంకటస్వామి నాయుడు వంటి మహావిద్వాంసుడి వయొలిన్ కూడా ఆ మూడున్నర నిమిషాల గీతలోనే ఇమడవలసి వచ్చింది. పల్లవి, అనుపల్లవి, చరణం, చివర రెండావర్తాల స్వరం; ముల్లు ఆగిపోతుంది. 1948లో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక వైపుకు ఇరవై నిమిషాల పైన దొరికింది గాని, కంపెనీ లెక్కలు వేరు: ఒక వైపుకు నాలుగు కీర్తనలు ఎక్కిస్తే అమ్మకం. అందువల్ల ప్లేటు మీద కీర్తన మిగిలింది, కచేరీ పోయింది. కచేరీలోంచి పోయినవాటిలో మొదటిది రాగాలాపన అని సంగీతజ్ఞులు బాధపడతారు. నా బాధ నెరవల్ గురించి.

నెరవల్ అంటే తెలియని సాహిత్య విద్యార్థుల కోసం చెబుతున్నాను. కీర్తనలో, సాధారణంగా చరణంలో, ఒక పంక్తిని గాయకుడు ఎంచుకుంటాడు. ఆ మాటలు అవే, తాళంలో వాటి ఎత్తుగడ అదే. స్వరసంచారం మాత్రం ప్రతి ఆవర్తంలోనూ కొత్తది. అదే పంక్తిని పది, ఇరవై, ముప్పై సార్లు తిప్పి తిప్పి పాడతాడు. ఒకసారి క్రియాపదం మీద నిలుస్తాడు, ఒకసారి సంబోధన మీద. ఒకసారి పంక్తి నిష్ఠూరంగా వినిపిస్తుంది, మరొకసారి బతిమాలుడుగా. మనం తరగతిలో పద్యానికి తాత్పర్యం చెప్పేటప్పుడు చేసే పని ఇదే. అందుచేత నెరవల్‌ను గొంతుతో చేసే వ్యాఖ్యానమంటాను. సంగీతానికీ సాహిత్యానికీ నిజంగా పెనుగులాట జరిగే చోటు అది. ఏ పంక్తిని ఎంచుకున్నాడన్నదే మొదటి విమర్శ. ఏ మాట దగ్గర ఊపిరి తీసుకున్నాడన్నది రెండోది.

ఈ రెండో విషయంలో టేపు నిర్దాక్షిణ్యంగా ఉంటుంది. అసలు కీర్తనల పంక్తులు ఇక్కడ ఎత్తి రాయను. నేనే అల్లిన ఒక ముక్క చూపిస్తాను. ‘నిన్ను చూడని కన్నులు’ అన్న మాట ఉందనుకుందాం. భాష రాని గాయకుడు ‘చూడ’ దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, ‘ని’ అన్న అక్షరాన్ని సంచారంలో సాగదీస్తే ‘నిన్ను చూడ, నీ కన్నులు’ అయి కూర్చుంటుంది. చూడలేకపోయిన దుఃఖం కాస్తా చూడబోయే ఉబలాటంగా మారిపోయింది. తాళం తప్పలేదు, శ్రుతి తప్పలేదు. అర్థం తప్పింది. మా బడిలో తొమ్మిదో తరగతి పిల్లవాడు పద్యం చదువుతూ సమాసాన్ని తప్పుచోట విరిచినప్పుడు వాడికి అర్థం కాలేదని నాకు ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. మద్రాసు హాలులో విరిచినప్పుడు ఎవరికీ తెలియదు, చప్పట్లు పడతాయి. ఆ చప్పట్లు రికార్డులో ఉన్నాయి. హాల్లో కూర్చున్నవారిలో ఎక్కువమందికి ఆ భాష రాదన్న సామాజిక సత్యానికి అవి సాక్ష్యం.

దీనికి తమిళులను నిందించి లాభం లేదు. త్యాగయ్య (1767-1847) తమిళదేశంలో కావేరి ఒడ్డున తెలుగులో పాడుకున్నాడు. ఆయన కృతులను శిష్యులు కాపాడారు, సభలు మోశాయి. తమకు అర్థంకాని భాషలో ఎంతకాలం వినాలి అని 1940లలో తమిళ ఇసై ఉద్యమం అడిగింది. 1943లో అందుకోసం ఒక సంఘమే వెలిసింది. దాని వెనక రాజాగారి ధనబలం ఉన్నా, అడిగిన ప్రశ్న ప్రజాస్వామికమైనది. అర్థం కావాలని అడిగే హక్కు శ్రోతకు ఉందని వాళ్ళు నిలబెట్టారు. మన భాషలో కీర్తనలున్న మనం ఆ ప్రశ్న వేసుకోనే లేదు. అర్థం మనకు తెలుసుననుకున్నాం.

బాలమురళి సభారికార్డుల విలువ నాకు ఇక్కడ కనిపిస్తుంది. ఆయనకు మాట తెలుసు. గమకం కోసం అక్షరాన్ని నలపడు. సంధి విడదీయవలసి వస్తే అర్థం చెడని చోట విడదీస్తాడు. మంద్రంలోకి దిగి దాదాపు మాట్లాడుతున్నట్టుగా పాడతాడు. ఇదంతా మైకు యుగపు విద్య. వెనకటి నాటక గాయకుడిలాగ ఆఖరి వరసకు అందేలా అరవవలసిన అవసరం తొలగిన తరువాతనే ఆ గొంతుక సాధ్యమైంది. ప్లేటు మీద ఈ గుణం అందంగా ఉంటుంది. కచేరీలో మాత్రం దానికి అవతలివైపు ఒక స్పందన ఉంటుంది. తెలుగు ఊళ్ళలో చేసిన కచేరీల్లో మాట మీద అతను విరుపు వేసినప్పుడు హాల్లో ఒక చిన్న కదలిక వినిపిస్తుంది. చప్పట్లు కావు, నవ్వూ కాదు. ‘ఊఁ’ అన్న ఒక గొణుగుడు. ఆ గొణుగుడు విన్న తరువాతి ఆవర్తంలో గాయకుడు ఆ మాటనే మళ్ళీ పట్టుకుంటాడు. వ్యాఖ్యానం ఇద్దరిదీ అయింది.

1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ రేడియో కేంద్రంలో ఆయన పనిచేశారు. ‘భక్తిరంజని’ ఆంధ్రదేశపు తెల్లవారుజాములకు అలవాటు కావడంలో ఆయన పాత్ర జగమెరిగినదే. కాని రేడియో స్టూడియోలో శ్రోత లేడు, గోడ మీద గడియారం ఉంది. ఆ గడియారాన్ని పాటలో వినవచ్చు. ఆకాశవాణి వారికీ ఇది తెలిసే 1954 నుంచి శ్రోతలను పిలిచి కూర్చోబెట్టి సంగీత సమ్మేళనాలు జరిపి రికార్డు చేశారు.

ఆయన సభారికార్డుల్లో నాకు నచ్చనివీ ఉన్నాయి. చప్పట్లు గాయకుణ్ణి ఎటు తోస్తాయో ఇక్కడే తెలుస్తుంది. స్వరకల్పనలో ఒక స్థాయి నుంచి మరొక స్థాయికి ఆయన చటుక్కున గెంతుతాడు; హాలు ముచ్చటపడి చప్పట్లు కొడుతుంది. మళ్ళీ గెంతుతాడు. మూడోసారికి అది రాగానికి అవసరం కాదు, హాలుకు అవసరం. నెరవల్‌కు గొణుగుడు వచ్చింది, గెంతుకు చప్పట్లు వచ్చాయి; ఏది ఎక్కువ లాభమో ఏ కళాకారుడైనా గ్రహిస్తాడు. ఈ మొగ్గు తరువాతి కాలపు రికార్డుల్లో ఎక్కువగా ఉందని నా వినికిడి. తప్పు గాయకుడొక్కడిదే అని నేననను. సభలో టికెట్టు కొన్న మధ్యతరగతి శ్రోతకు ఇచ్చిన డబ్బుకు కనిపించే విద్య కావాలి. మన కవిసమ్మేళనాల్లో చప్పట్ల కోసం చివరి పంక్తిని మళ్ళీ చదివే మిత్రులకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు.

మన సంగీతంలో మనోధర్మం ఉంది గనక హాలును బట్టి పాట మారిందంటున్నావు, స్వరమంతా ముందే రాసి ఉన్నచోట ఈ వాదం చెల్లదు గదా అని ఒక మిత్రుడు ఆక్షేపించాడు. ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందానికి రచనలు చేసి నడిపిన సంగతి తెలిసినవారికి, రాసిపెట్టిన సంగీతాన్ని బృందం చేత వాయించడం కొత్తేమీ కాదు. అయితే ఆ పద్ధతి పుట్టిల్లు ఐరోపా. అక్కడి సింఫనీలో కండక్టరు ఒక్క స్వరం కూడా మార్చడానికి వీలులేదు. వేగం, బరువు, మౌనం - ఇవే అతని చేతిలో ఉన్నాయి. అవి చాలునని చెప్పడానికి ఒక టేపు ఉంది.

ఆ టేపుకు ముందు యంత్రం చరిత్ర కొంచెం తెలియాలి. అయస్కాంత టేపు మీద సింఫనీ కచేరీని మొదట పట్టినది 1936 నవంబరు 19న, జర్మనీలోని లుడ్విగ్స్‌హాఫెన్‌లో. బృందం లండన్ ఫిల్హార్మనిక్, కండక్టరు థామస్ బీచమ్. కచేరీ జరిగినది బి.ఎ.ఎస్.ఎఫ్. రసాయనాల కర్మాగారం వారి హాలులో. టేపు తయారుచేసినదీ వారే. అప్పటికి అది ఐ.జి. ఫార్బెన్‌లో భాగం. కొద్ది ఏళ్ళకు ఆష్‌విట్జ్ పక్కనే కర్మాగారం పెట్టి, ఖైదీల చేత చచ్చేదాకా చాకిరీ చేయించిన ఐ.జి. ఫార్బెన్ అదే. 1940లో జర్మన్ రేడియో ఇంజనీర్లు టేపులోని రొదను బాగా తగ్గించగలిగారు. యుద్ధకాలంలో ప్రపంచంలో మరెవ్వరికీ లేనంత మంచి రికార్డింగు నాజీ రేడియో చేతికి దక్కింది.

1942 మార్చిలో బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫర్ట్‌వెంగ్లర్ నడిపిన బీథోవెన్ తొమ్మిదో సింఫనీ ఆ యంత్రంతో పట్టినదే. మానవులందరూ సోదరులన్న షిల్లర్ గీతాన్ని చివరి భాగంలో గాయకబృందం పాడే సింఫనీ అది. మొదటి భాగం నడుమ మృదంగం లాంటి ఆ పెద్ద డోళ్ళు పిడుగుల్లా పడతాయి. చివరి భాగం కొసకు వచ్చేసరికి వేగం అదుపు తప్పినట్టుగా పరుగెడుతుంది. స్టూడియోలో బుద్ధి ఉన్న ఏ ఇంజనీరూ దాన్ని ఒప్పుకోడు. స్వరాలన్నీ బీథోవెన్‌వే. ఆ వెర్రి పరుగు ఆ ఏటి బెర్లిన్‌ది. తరువాతి నెల 19న, హిట్లర్ పుట్టినరోజు ముందు సాయంత్రం, అదే కండక్టరు అదే సింఫనీ నడిపాడు. వాయిద్యం ముగిశాక గోబెల్స్ వేదిక దగ్గరికి వచ్చి అతనితో చేయి కలపడం సినిమా రీలు మీద ఉంది. 1933లోనే బైరాయిట్ ఉత్సవానికి రానని చెప్పిన తోస్కానినీ వంటివాడు ఉన్నాడు గనక, మరో దారి లేదన్న వాదం పూర్తిగా నిలవదు. యుద్ధం తరువాత విచారణ సంఘం ఫర్ట్‌వెంగ్లర్‌ను నిర్దోషిగా వదిలింది. 1954లో చనిపోయేదాకా ఆయన కచేరీలు చేశారు.

ఈ టేపును ఏం చేయాలి? సంగీతం రాజకీయాలకు అతీతం గనక కళ్ళు మూసుకుని వినాలనేవారు ఒక పక్క, పారేయాలనేవారు మరో పక్క. 1945లో బెర్లిన్ చేరిన సోవియట్ సైన్యం ఆ రేడియో టేపుల్లో చాలావాటిని మాస్కో తీసుకుపోయింది. పారేయలేదు. తరువాత సోవియట్ కంపెనీ మెలోదియా వాటిని రికార్డులుగా వేసింది. ఫాసిజం చేతిలో రెండు కోట్లకు పైగా జనాన్ని పోగొట్టుకున్న దేశం ఆ పని చేసింది. 1987లో నకళ్ళు బెర్లిన్‌కు తిరిగి ఇచ్చింది కూడా. ఈ విషయంలో నేను వారి పక్షం. వినాలి; కాని హాలును చెరిపి వినకూడదు. ఆ సోదరగీతాన్ని ఎవరి ఎదుట పాడారో తెలిసి వింటే, ఆ గాయకబృందం గొంతులోని తీవ్రత నాకు నమ్మకంగానూ వినిపించదు, బూటకంగానూ వినిపించదు. ఆ రెంటికీ నడుమ ఒక దేశం చిక్కుకున్న స్థితిని వింటున్నట్టుంటుంది. ఏ స్టూడియో ప్లేటూ నాకు ఇది చెప్పలేదు.

అదే 1942లో, ఆగస్టు 9న, ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లో షొస్టకోవిచ్ ఏడో సింఫనీ వాయించారు. కండక్టరు కార్ల్ ఎలియాస్‌బర్గ్. రేడియో బృందంలో ఆకలికి చచ్చినవారు చావగా, మిగిలినవారికి సైన్యంలోంచి వాద్యకారులను తెచ్చి కలిపారు. జర్మన్ ఫిరంగులు మోగకుండా ముందుగానే వాటి మీద గుండ్లు కురిపించారు. లౌడ్‌స్పీకర్లలో శత్రువుల కందకాల దాకా వినిపించారు. ఆ కచేరీ మాత్రం పూర్తి టేపుగా లోకానికి దక్కలేదు. మిగిలిన వాద్యకారులను కూడగట్టుకుని ఎలియాస్‌బర్గ్ 1964 జనవరి 27న మళ్ళీ వాయించాడు. ఒకే ఏడాది రెండు కచేరీలు: యంత్రం ఉన్నవాడిది నిలిచింది, యంత్రం లేనివాడిది జ్ఞాపకమైంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. శాస్త్రీయ సంగీతం గుడిదీ జమీందారుదీ, మనకెందుకు అనే అభ్యుదయ మిత్రులకు నా జవాబు ఇక్కడే ఉంది. టేపు ముందు ఎవరు కూర్చున్నారో అడిగితే, ఎవరి ముందు టేపు పెట్టలేదో కూడా అడగవలసి వస్తుంది. 1940లలో షేక్ నాజర్ బుర్రకథకు పొలాల్లో వేలమంది కూర్చున్నారు. వంతల హాస్యానికి ఆ జనం నవ్విన నవ్వు, వీరరసం దగ్గర పట్టిన నిశ్శబ్దం - వాటి టేపులు ఎన్ని ఉన్నాయి మన దగ్గర? గోదావరి జిల్లాల కలావంతుల ఇళ్ళలో క్షేత్రయ్య పదం ఎలా పాడేవారు, ఎవరి ముందు పాడేవారు? దేవదాసీ వ్యవస్థ రద్దు న్యాయమే. 1947 చట్టం ఆ దురాచారాన్ని ఆపింది. కాని ఆ స్త్రీల విద్యను మనవాళ్ళు రాసుకోలేదు, పట్టుకోలేదు. అగ్రవర్ణ వేదికలు మెరుగుపెట్టి తమదిగా చెప్పుకున్నాయి.

మా అంతర్వేదిలో మాఘ శుద్ధ ఏకాదశికి రథం లాగుతారు. రథం ముందు నాదస్వరం, డోలు. కరవాదిలో పుట్టి శ్రీరంగం చేరిన షేక్ చినమౌలానా వంటి విద్వాంసుల నాదస్వరం సభల్లో పట్టిన రికార్డుగా వినవచ్చు, వినదగినది కూడా. కాని ఆ వాద్యం పుట్టిన శ్రోతృలోకం వీధి. అక్కడ కులం అడిగి చెవులు మూయించడం ఎవరి తరమూ కాలేదు. గుడిలోపలికి రానివ్వనినాడు కూడా వీధిలో రాగం వినిపించింది. చేపలబుట్ట దించుకుని నిలబడ్డ మనిషి, పంటు దిగి వచ్చిన యాత్రికుడు, జీళ్ళు అమ్మేవాడి కేక - వీటి మధ్య వాయించిన తోడి రాగం హాల్లో వాయించిన తోడి కాదు. వీధి రికార్డు కావాలని ఇంజనీర్లకు తోచలేదు. చప్పుడు ఎక్కువట.

ఈమధ్య పాత కచేరీలను శుభ్రం చేసి వెలువరిస్తున్నారు. రొద తగ్గిస్తే సంతోషమే. దానితోపాటు చప్పట్లూ దగ్గులూ మాటలూ కూడా కోసేస్తున్నారు. ఐరోపాలో నాలుగు రాత్రుల కచేరీల్లోంచి బాగున్న ముక్కలు అతికి, రిహార్సలులోంచి మరొక ముక్క తెచ్చి, దానికి ‘సభలో రికార్డు చేసినది’ అని పేరుపెట్టడం మామూలైపోయింది. దీనికంటే 1964లో కచేరీలు మానేసి, నా కళ స్టూడియోలోనే ఉందని కుండబద్దలు కొట్టిన గ్లెన్ గూల్డ్ నిజాయితీ నాకు నచ్చుతుంది. రికార్డు అంటేనే ఇష్టపడని చెలిబిదాకే నిజాయితీ కూడా నచ్చుతుంది. అయితే 1996లో ఆయన పోయాక కుటుంబం అనుమతితోనే ఆయన కచేరీ టేపులు బజారుకు వచ్చాయి. వచ్చినందుకు నేను విచారించను.

కోనసీమ గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ. ఇక్కడి ఇళ్ళలో అటకల మీద ఉన్న స్పూలు టేపులు బూజు పడుతున్నాయి, కేసెట్లు చుట్టుకు అతుక్కుపోతున్నాయి. నేను చూసిన పెట్టెల మీద గాయకుని పేరుంది, రాగాల పేర్లున్నాయి. ఏ ఊరు, ఏ పందిరి, ఏ సందర్భం, ఖర్చు ఎవరు పెట్టారు, టికెట్టు ఎంత, ఆడవాళ్ళు ఎక్కడ కూర్చున్నారు, పందిరి బయట ఎవరు నిలబడి విన్నారు - ఇవేవీ లేవు. ఆ కచేరీలకు వెళ్ళినవారు కొందరు ఇంకా ఉన్నారు; ఎనభై దాటినవారు. మన శాఖల్లోని విద్యార్థులు టేపులకు నకలు తీసేటప్పుడు మొదటి నుంచి చివరి దాకా, చప్పట్లతో సహా, ఏమీ కోయకుండా తీయాలి. ఆ పెద్దల పక్కన కూర్చుని టేపు వేసి, ఆ గొణుగుడు వినిపించినచోట ఆపి, అది ఎవరిదో అడిగి రాసుకోవాలి.